ముగ్గు కలిసిన మట్టి

మే నెల చివరి శనివారం ఉదయం పక్కింటి ముందు తవ్వకం మొదలైంది. ఆ ఇల్లు కొత్తగా కొనుక్కున్న దంపతులు ముందు భాగమంతా కృత్రిమమైన పచ్చిక పరిపించుకుంటున్నారు. నారింజరంగు చొక్కా వేసుకున్న పనివాడు పాత పూలమడి చుట్టూ ఉన్న దుంగలు ఒక్కొక్కటే పెకలించి, పారతో మట్టిని నిలువునా కోశాడు. కోసినచోట పొరలు బయటపడ్డాయి. పైన కుళ్ళిన పైన్ బెరడు, దాని కింద ఇసకమట్టి, అడుగున మా టార్నీట్ పేటలో ఏ ఇంటి ముందు తవ్వినా తగిలే నల్ల బంకమట్టి, బెరడుకూ ఇసకమట్టికీ నడుమ బొటనవేలు మందాన తెల్లటి చార.

"సిమెంటా ఇది?" అని ఫెన్స్ మీదుగా నన్ను ఇంగ్లీషులో అడిగాడు. "బిల్డర్లు కడిగి పారబోస్తుంటారు."

"సిమెంటు కాదు. సుద్దలాంటి పొడి."

"తోటలో సుద్ద ఎవరు పోస్తారు?"

"ఇదివరకు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళే పోశారు" అన్నాను. అతను భుజాలెగరేసి మళ్ళీ పార అందుకున్నాడు.

ఆ మడిని పెంచిన మనిషిని నేను అంకుల్ అని పిలిచేదాన్ని. ఈ దేశంలో మనకన్నా పెద్దవాళ్ళందరికీ అదే పేరు గనుక ఇక్కడా ఆ పేరుతోనే సరిపెడతాను. ఆయన ఎక్కడ చదివారో, ఏం ఉద్యోగం చేశారో నాకు తెలియదు. మూడేళ్ళు అని రాయబోయాను, సరిచూసుకుంటే మూడేళ్ళకు రెండు నెలలు తక్కువ, అంతకాలం పక్కపక్కన ఉన్నా ఆయన చెప్పలేదు. నాకు తెలిసినవి ఆయన వీపు, ఎండకు వెలిసిన గుడ్డ టోపీ, జంధ్యానికి కట్టుకున్న తాళంచెవి.

వీపు అంటున్నది ఊరికే కాదు. ఆయన ఎప్పుడూ మడికి వీధివైపు అంచున, ఇంటికి ముఖం పెట్టి నిలబడేవారు. దారిన పోయేవాళ్ళకు వీపే కనిపించేది. ఫెన్స్ దగ్గరికొచ్చి నేను పలకరిస్తే జవాబు చక్కగానే వచ్చేది గాని తల నావైపు తిరిగేది కాదు. "రండి, రండి, ఆడిటరమ్మా. జనం లెక్కలన్నీ తేల్చేశారా?" అని ఎదురుగా ఉన్న వంటింటి కిటికీతో అనేవారు. మొదట్లో ఇదేం మర్యాద అనుకున్నాను. తర్వాత ఒకరోజు ఆయన చూపు పట్టుకుని నేనూ అటు చూస్తే, అద్దం వెనక, స్టూలు మీద, నుదుట పెద్ద బొట్టుతో ఆంటీ కూర్చుని ఉన్నారు. ఆవిడ మతిమరుపు అప్పటికే మతిమరుపు అనే మాటను దాటిపోయింది.

వీధి తలుపుకు రెండు తాళాలు. మామూలుది ఒకటి, రెండోది ఆంటీకి అందనంత ఎత్తున, తలుపు పైఅంచున. ఆ పైతాళం తీయాలంటే అంకుల్ బనియనులోంచి జంధ్యం పైకి లాగి, మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులూ నెత్తిమీదికెత్తాలి. వీధిలోంచి గాజు తలుపు గుండా చూసేవాళ్ళకు ఆయన ఎవరికో దణ్ణం పెడుతున్నట్టుండేది. "రోజుకి పదిసార్లు పెడుతున్నా, వరమివ్వడమ్మా ఈ దేవుడు" అని ఆయనే నవ్వేవారు.

ఇక ఆ మడి సంగతి. మా వీధిలో తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటి ముందూ కుండీలో కరివేపాకు గాని, చలికి ముడుచుకుపోయిన మల్లెతీగ గాని ఉంటుంది. అంకుల్ మాత్రం హీత్ పెంచారు. మోకాలెత్తు పొద, సూదుల్లాంటి సన్నటి ఆకులు, కొమ్మ పొడుగునా వేలాడే చిన్నచిన్న గొట్టాల్లాంటి పూలు. గులాబిరంగువి నాలుగు, తెల్లవి రెండు. మిగతా తోటలన్నీ మూతపడిన ఇక్కడి శీతకాలంలో, మేలో మొదలై సెప్టెంబరు దాకా పూసేవి. ఇది ఈ రాష్ట్రపు అధికార పుష్పమని ఆయన చెప్పేదాకా, ఇన్నేళ్ళుగా ఇక్కడ పన్ను కడుతున్న నాకు తెలియదు.

"మల్లెని తీసుకొచ్చి ఈ చలిలో హింస పెట్టడమెందుకు? ఇది ఇక్కడి మొక్క" అనేవారు. వెంటనే, "అయినా తమాషా చూడు. ఇక్కడి మొక్కే, ఇక్కడి మట్టిలో బతకదు. దీనికి పులుపు నేల కావాలి. ఇసక కలవాలి. నీళ్ళు నిలవకూడదు, అలాగని ఒక్కపూట ఆరిపోకూడదు. సున్నం తగిలిందా, అంతే" అనేవారు. అందుకే దుంగలతో గట్టు కట్టి, బంకమట్టి మీద జానెడున్నర ఎత్తున వేరే మట్టి పోసుకున్నారు. వానొచ్చిన రోజు కప్పు మీది నీళ్ళు పట్టి దాచేవారు. తడి చూడటానికి చూపుడువేలు కణుపుదాకా మట్టిలో గుచ్చి, తీసి, వాసన చూసేవారు. పూలు అయిపోయాక కొమ్మలు కత్తిరించేది తోటకత్తెరతో కాదు, ఆంటీ కుట్టుపెట్టెలోని చిన్న కత్తెరతో. ఒక పొదకు ఒక సాయంత్రం పట్టేది. తొందరేముందని అడిగితే, "నాకెక్కడికి పోయేదుందమ్మా" అనేవారు, కిటికీతో.

నేనొక పొద అడిగాను, తవ్వి ఇమ్మని. అలా కోరడం అదే మొదలు, అదే ఆఖరు. ఆయన మొదటిసారి నావైపు తిరిగారు. "కదపకూడదు తల్లీ. దీని వేళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి. ఒకచోట పెడితే ఇంక ఒకచోటే. కదిపావా, చెప్పకుండా చచ్చిపోతుంది" అని, నేనెక్కడ చెయ్యి వేస్తానో అన్నట్టు మడికి అడ్డంగా ఓ అడుగు జరిగారు.

ఆంటీకి మిగిలిన విద్య ఒక్కటే, ముగ్గు. కూతురు పేరు పోయింది, ఊరు పేరు పోయింది, చేతివేళ్ళలో చుక్కలు మాత్రం నిలిచాయి. ఉదయం అంకుల్ పైతాళం తీసి పక్కన నిలబడితే, గుమ్మం కడిగి, పిడికిట్లోంచి పొడి జారవిడుస్తూ, గీత చెదరకుండా మెలికల ముగ్గు వేసేవారు. కొన్నాళ్ళకు వేసిన సంగతి గుర్తుండక, కడిగి మళ్ళీ వేసేవారు. మధ్యాహ్నం ఇంకోసారి. గుమ్మం ముందు గచ్చు మడివైపు వాలి ఉంటుంది. కడిగిన నీళ్ళన్నీ అటే పోయేవి. అక్కడితో ఆగినా బాగుండేది. గట్టు కట్టిన మడి, మధ్యలో పొద. ఆవిడ కంటికి అది తులసికోటగా తోచింది. దుంగలకు పసుపు రాశారు, బొట్లు పెట్టారు. ప్రతి హీత్ మొదట్లోనూ, పైన్ బెరడు మీద, గుండ్రంగా ముగ్గు తిప్పారు. కొంగు నడుముకు దోపుకుని, గులాబిరంగు పూలకు చేతులు జోడించి ప్రదక్షిణం చేస్తుంటే చూడటానికి ఎంతో అందంగా ఉండేది. ముగ్గు రాతిపొడి. అంటే సున్నపురాయే.

ఆకుల కొసలు పసుపుపచ్చబడుతుండగా అంకుల్ బియ్యప్పిండి ప్రయత్నించారు. ఆ ఉదయం నేను నా గుమ్మంలోనే ఉన్నాను.

"ఇదేంటండీ?" అని ఆంటీ పిడికిలి తెరిచి చూసుకున్నారు.

"ముగ్గేనే."

"ఇది పిండి. వేళ్ళలోంచి జారట్లేదు. నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారా?"

"పాతకాలంలో దీంతోనే వేసేవారు కదే. చీమలకి పుణ్యం."

"చీమలకి మీరు వెయ్యండి పుణ్యం" అని గిన్నె విసిరికొట్టి, గచ్చు మీద చతికిలబడి, ఇంటికెళ్ళిపోతాను తలుపు తియ్యమని ఏడుపు. తలుపు తెరిచే ఉంది. ఆవిడ కూర్చున్నది తలుపుకు బయటే.

ఆ వారాంతంలోనే ఇండియన్ కొట్లో ఆయన కనిపించారు. బుట్టనిండా ముగ్గు ప్యాకెట్లు. ఆంటీ కారులో ఉన్నారు గనుక ఆయన మాట్లాడింది గాజు తలుపులోంచి కారును చూస్తూ.

"ఇన్నెందుకు అంకుల్? ఇంట్లో పెళ్ళా?"

"పెళ్ళేనమ్మా. రోజూ."

"మరి మొక్కలు?"

"ముగ్గేస్తున్నంతసేపు ఇంటికెళ్తానని అడగదు" అన్నారు. "మొక్కలు నన్ను తలుపు తియ్యమని అడగవు కదా."

ఆ తర్వాత ఆయన మడికి గంధకం పొడి వెయ్యడం మొదలుపెట్టారు. సున్నం విరుగుతుందట. ఆంటీ ముగ్గు పెట్టి లోపలికెళ్ళాక ఈయన వెనకే పసుపురంగు పొడి చల్లి వేలితో కలిపేవారు. "ఒకవైపు డెబిట్టు, ఒకవైపు క్రెడిట్టు. ఏం ఆడిటరమ్మా, సరిపోతుందంటావా?" నేను సరిపోదనే అనుకున్నాను.

ఆయనకొక కోరిక ఉండేది. ఈ హీత్‌ను తానెప్పుడూ కుండీలోనూ మడిలోనూ చూడటమేగాని, దానంతట అది పూసినచోట చూడలేదు. "కొండవాలు మీద ఎక్కడ చూసినా అదేనట. ఎవరూ నీళ్ళు పొయ్యరట, ఎవరూ కత్తిరించరట. ఒక్కసారి చూడాలమ్మా" అని ప్రతి శీతకాలం అనేవారు. సిడ్నీలో, రౌస్ హిల్‌లో ఉన్న కూతురు, అమ్మను రెండు రోజులు కేర్‌హోమ్‌లో ఉంచి తిరిగి రమ్మని ఫోన్లో పోరేది. ఒకసారి ఉంచారు కూడా. "మరి వెళ్ళారా?" అంటే, "ఎక్కడికీ? ఆ రెండు రోజులూ నేనూ అక్కడే, కుర్చీలో" అన్నారు.

అందుకని జూలైలో ఒక శనివారం, ఆంటీ దగ్గర నేనుంటాను, కొండకు వెళ్ళి రమ్మని నేనే పట్టుబట్టాను. జనం పన్ను లెక్కలు కట్టే మా వృత్తిలో జూలై ఊపిరాడని నెల. అది ఆయనకూ తెలుసు గనుక కాదనలేకపోయారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని తయారయ్యారు. తాళంచెవి నాకివ్వాలి. జంధ్యానికి వేసిన ముడి ఎన్నేళ్ళదో, నీళ్ళకు బిగిసి గింజలా గట్టిపడింది. గోళ్ళతో లాగారు, పళ్ళతో లాగబోయి నన్ను చూసి ఆగారు. చివరికి ఆ చిన్న కత్తెర మొన గుచ్చి, పోగు తెగకుండా, పూలు అయిపోయిన కొమ్మను చూసుకున్నంత ఓపికగా విప్పారు. అరచేతిలో పెట్టినప్పుడు తాళంచెవి వెచ్చగా ఉంది. "పైతాళం మర్చిపోకు" అని నాలుగుసార్లు చెప్పి స్టేషన్‌కు నడిచి వెళ్ళారు. ఆయన వీధివైపు ముఖం పెట్టి నడవడం చూసింది ఆ రోజే.

మొదట అంతా సవ్యంగానే ఉంది. ఆంటీ నన్ను తన చెల్లెలనుకుని, నేను చిక్కిపోయానని కోప్పడ్డారు. తర్వాత స్టూలెక్కి కిటికీలోంచి చూశారు.

"అక్కడ మనిషి లేడేం?"

"ఎవరు ఆంటీ?"

"ఎవరో ఒకరు. అక్కడ మనిషుండాలి కదా."

"వస్తారు. టీ తాగుదామా?"

"నువ్వు తాగు. అక్కడ మనిషి లేడు." ఆవిడ దిగి తలుపు దగ్గరికెళ్ళి గుబ్బ తిప్పారు. "తియ్యవే. ఇంటికెళ్ళాలి. ఇదెవరి కొంపో."

ముగ్గు గిన్నె చేతికిచ్చాను, పక్కన పెట్టేశారు. పాటలు పెట్టాను. భోజనం అన్నాను. ఆవిడ అరవలేదు. అరిచినా తట్టుకునేదాన్ని. తలుపుకు నుదురానించి, చిన్న గొంతుతో, "తియ్యవే, తియ్యవే" అని ఒకే స్వరంలో అంటూనే ఉన్నారు. పైతాళం చెవి నా గుప్పిట్లో ఉంది. ఆ హాల్లో గాలి తక్కువైనట్టనిపించింది. తీసేసి ఇద్దరం ఎటైనా పోతే బాగుండుననీ అనిపించింది.

అప్పుడు కొక్కేనికున్న గుడ్డ టోపీ కనబడింది. అది పెట్టుకుని, వెనక తలుపునుంచి బయటికెళ్ళి, దానికీ తాళం వేసి, చుట్టు తిరిగి వచ్చి మడి అంచున, ఆయన పాదాలకు అరిగిన చోట, కిటికీకి ఎదురుగా నిలబడ్డాను. అద్దం వెనక బొట్టు కనిపించింది. ఆంటీ స్టూలు మీద సర్దుకుని కూర్చున్నారు. మోచేతులు వంటింటి గట్టు మీద ఆనించి, సినిమాకొచ్చినవాళ్ళలా నన్ను చూడసాగారు.

అక్కడినుంచి కదలలేకపోయాను. ఫెన్స్‌వైపు రెండడుగులు వేస్తే ఆవిడ లేచేవారు, వెనక్కొస్తే కూర్చునేవారు. పడమటి గాలి టార్నీట్‌లో దేనికీ ఆగదు. అది చెవుల్లో దూరుతోంది. చేసేదేమీ లేక పొదల్ని చూశాను. తెల్లవి రెండూ అప్పటికే ఎండిపోయాయి. గులాబిరంగువాటిలో ఒకటే నిండుగా పూసింది. మడి ఇక్కడే ఎందుకుందో అప్పుడర్థమైంది. ఎండకోసమూ కాదు, వీధి అందంకోసమూ కాదు. ఇంటి చుట్టూ వంటింటి కిటికీలోంచి తల నుంచి కాళ్ళదాకా మనిషి కనబడే చోటు ఇదొక్కటే. మనిషి రోజంతా నిలబడాలంటే చేతులకేదో పని ఉండాలి. కదిపితే చచ్చిపోయే మొక్కను ఎంచుకున్నారు.

పన్నెండు కాకముందే అంకుల్ వచ్చేశారు. వచ్చినవారు వెంటనే ఇటు రాలేదు. రోడ్డుకవతల సంచి పట్టుకుని నిలబడిపోయారు. నేను తల తిప్పితే ఆంటీ లేస్తారని ఓరకంటనే చూశాను. ఎంతోసేపటికి రోడ్డు దాటి నా వెనక ఆగారు.

"బయటినుంచి చూస్తే ఇలా ఉంటానన్నమాట" అన్నారు.

"ఎలా ఉన్నారు అంకుల్?" అన్నాను, కిటికీతో.

"చేలో దిష్టిబొమ్మలా ఉన్నా."

ఇద్దరం నవ్వాం. అద్దం వెనక ఆంటీ కూడా నవ్వారు.

"కొండ చూశారా?"

"సిటీ స్టేషన్‌దాకా వెళ్ళా. అక్కడ రైలు మారాలి. మారలేదు." సంచిలోంచి ఖాళీ డబ్బా తీసి చూపించారు. "బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నా. బాగా కుదిరింది."

టోపీ నా తలమీంచి తీసుకుని పెట్టుకున్నారు. తాళంచెవి తీసుకుని, జంధ్యం పైకి లాగి, ఈసారి రెండు ముళ్ళు వేశారు. నా డైరీలో ఆ రోజు కింద ఒక్క వాక్యమే ఉంది: "ఉదయమంతా నిలబడ్డాను."

మరుసటి ఏడు మార్చిలో ఆంటీ పోయారు. అప్పటికి మడిలో మిగిలింది ఒక్క పొద, మూలనున్న గులాబిరంగుది. కూతురు వచ్చి, తనతో రమ్మని బతిమాలి, ఒక్కతే తిరిగి వెళ్ళింది. పైతాళం తలుపుకు అలాగే ఉంది గాని వేసేవారు కాదు. చెవి మాత్రం జంధ్యానికే ఉండేది. ఇక ముగ్గు పడదు గనుక గంధకం నెగ్గుతుందని, ఆ పొదైనా దక్కుతుందని లెక్కవేశాను.

జూన్‌లో అది పూసింది. ఆదివారం ఉదయం ఫెన్స్ దగ్గరికెళ్ళి, "అంకుల్, కొండల్లో ఇప్పుడు విరగబూసి ఉంటుంది. కార్లో తీసుకెళ్తాను. సాయంత్రానికి వచ్చేద్దాం" అన్నాను.

ఆయన మడి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. ముఖం ఇంటివైపే. చేతిలో ముగ్గు గిన్నె. పొద మొదట్లో చుక్కలు పెడుతున్నారు, వంకరటింకరగా. పొడి జారడంలేదు, ముద్దముద్దగా రాలుతోంది.

"చెయ్యి తిరగట్లేదమ్మా" అన్నారు.

"అది రాతి ముగ్గు, అంకుల్."

"తెలుసు."

"వెళ్దామా మరి?"

"ఇక్కడెవరుంటారు?"

కిటికీలో స్టూలు అంచు కనిపిస్తోంది. "ఇప్పుడిక్కడ ఎవరుండాలి అంకుల్?" అన్నాను, వీలైనంత నెమ్మదిగా.

ఆయన ఓపిగ్గా, పిల్లలకు చెప్పినట్టు, కిటికీకే చెప్పారు. "ఇక్కడ మనిషుండాలి కదా."

అంకుల్ నవంబరులో ఆస్పత్రిలో పోయారు. మూలపొద వేసవిలో నీళ్ళు లేక ఎండిందో, సున్నానికే ఎండిందో నేను చెప్పలేను.

ఆ శనివారం మధ్యాహ్నం, తవ్వకం ఇంకా సాగుతుండగా, కొత్త ఇంటావిడ వంటిల్లు ఎలా మార్పించారో చూసి టీ తాగమని నన్ను పిలిచింది. వీధి తలుపు పైఅంచున, తాళం తీసేసినచోట, రెండు మరచీలల రంధ్రాలున్నాయి. వంటింట్లో గూళ్ళు మారాయి, గట్టు రాయి మారింది. కిటికీ మారలేదు. పంచదార ఎంత వెయ్యమంటారని ఆవిడ వెనకనుంచి అడుగుతోంది. నేను అద్దంలోంచి చూస్తున్నాను. నారింజ చొక్కా మనిషి తెల్లమట్టి బండిలోకెత్తి, నడుము పట్టేసినట్టుంది, పార మీద చేతులానించి సరిగ్గా ఆ అంచునే నిలబడ్డాడు, తల నుంచి కాళ్ళదాకా. నన్ను చూసి చెయ్యెత్తాడు.

నేను స్టూలు కోసం చూశాను. అక్కడ లేదు. అతను కదిలేదాకా నిలబడే ఉన్నాను.